బదులు కోసం ఆగిన పాట

తలకు పట్టీ కట్టించుకోవడానికి అసిరమ్మ ఓ పట్టాన ఒప్పుకోలేదు. కొప్పు చెదిరిపోతుందని ఒకసారి, నెత్తి మీద కరెంటేమిటని ఇంకోసారి వంక పెట్టింది. చివరికి మేనకోడలు నూకరత్నం బుంగమూతి చూసి మెత్తబడింది.

“పాటే కదా నీకు కావాల? అది నోట్లోంచొస్తాది గానీ నెత్తిలోంచొస్తాదేటే?” అంది కుర్చీలో సర్దుకుంటూ.

“నోట్లోది మైకుకి, నెత్తిలోది నాకు. కదలకత్తా,” అంది రత్నం పట్టీ బిగిస్తూ.

రత్నం పాటలకు బొమ్మ కట్టే మనిషి. తెర మీద ఆడే బొమ్మ కాదు. హెడ్‌సెట్ కళ్ళకు తొడుక్కుంటే చూసేవాళ్ళు పాట లోపల ఉంటారు. తల తిప్పిన వైపల్లా పాటే. డప్పు పాటకు ఆమె జనాన్ని డప్పు లోపలే నిలబెట్టింది. జోలపాటకు ఉయ్యాల్లో పడుకోబెడితే మీసాలున్న మగవాళ్ళు సైతం బయటికొచ్చి కళ్ళు తుడుచుకున్నారు. పేరొచ్చింది, బహుమతులొచ్చాయి. అయినా రత్నానికి లోపల వెలితి తీరలేదు. ఆ లోకాలన్నీ తను కంప్యూటరు ముందు కూర్చుని అల్లినవే. పాడే మనిషి పాడుతున్న క్షణాన మనసులో ఏం చూస్తుందో అది మాత్రం ఎవరి చేతికీ చిక్కలేదు.

దాన్ని పట్టుకునే పట్టీని దేవదానం తయారుచేశాడు. మెదడు సంకేతాలతో ఏళ్ళ తరబడి కుస్తీపట్టి, ఉన్న ఉద్యోగం వదులుకుని, విశాఖపట్నంలో రత్నం స్టూడియోకు వచ్చి మకాం వేసిన మనిషి. దానికి ‘లోచూపు’ అని పేరు పెట్టాడు. మొదట్లో అందులో కనిపించినవన్నీ పొగమంచే. పాడేవాళ్ళ మనసులోని బొమ్మను పాడేవాళ్ళకే తిరిగి చూపిస్తే ఆ పొగ విడిపోతుందని ఈమధ్యే కనిపెట్టాడు. బొమ్మ చూసి మనసు ఇంకాస్త గుర్తుచేసుకుంటుంది, గుర్తుచేసుకున్నకొద్దీ బొమ్మ ఇంకాస్త తేటపడుతుంది. అందుకే అసిరమ్మ కళ్ళకూ ఒక హెడ్‌సెట్ తొడిగారు.

వయసులో ఉండగా అసిరమ్మ సున్నం డాబాలు కొట్టేది. గచ్చు వేసిన కప్పు మీద ఆడవాళ్ళు రెండు వరసలుగా ఎదురెదురుగా కూర్చుని, చెక్కలతో కొట్టి కొట్టి దాన్ని రాయిలా గట్టిపరిచేవారు. రోజుల తరబడి సాగే ఆ పనికి పాట లేకపోతే చేతులు కదలవు. ఒకామె అడుగుతుంది, ఎదుటి వరసలో ఒకామె బదులిస్తుంది, ఆ బదులునే అందరూ అందుకుని దెబ్బ వేస్తారు. ఇప్పుడు అలాంటి డాబాలూ లేవు, ఆ పాట వచ్చినవాళ్ళూ దాదాపు లేరు.

“మరి బదులు సెప్పీవోల్లేరేటే?” అసిరమ్మ అటూ ఇటూ తడిమింది.

“అక్కర్లేదత్తా. నువ్వు అడగాల్సింది అడిగి, కాస్త గ్యాపు వదిలేసి తరవాతది ఎత్తుకో. బదులు మేం వేరేగా పాడించి అతికించుకుంటాం.”

“అతికించుకుంటారా!” అసిరమ్మ పకపకా నవ్వింది. “సరే తల్లీ, నీ ఇష్టం.”

స్టూడియో పద్ధతే అంత. ఒక్కో గొంతునూ విడిగా, శుభ్రంగా పట్టి తరవాత కలుపుతారు. చేతికి అలవాటైన పని కాబట్టి రత్నానికి అందులో తప్పేమీ తోచలేదు.

ఆమె కూడా హెడ్‌సెట్ పెట్టుకుంది. అసిరమ్మ గొంతు సవరించుకుని ఎత్తుకుంది.

ముందు వెలుగొచ్చింది. సున్నం మీద పడి తిరిగి లేచే వెలుగు, కళ్ళు చిట్లించుకోవలసిన వెలుగు. దాని వెనకే చెక్కల చప్పుడు, గాజుల చప్పుడు. ఆ తరవాత మనుషులొచ్చారు. ఎదురుగా వరసగా ఆడవాళ్ళు, మోకాళ్ళ మీదికి దోపుకున్న చీరలు, తలకు చుట్టిన గుడ్డలు. ఒకామె ముక్కుపుడక దగ్గర చెమట బొట్టు ఆగి ఉంది. బెల్లం నీళ్ళూ కరక్కాయ నీళ్ళూ చల్లిన తడి గచ్చు మీద ఈగ వాలి లేచింది. వాళ్ళ వీపుల వెనక ఊరు పెంకుటిళ్ళతో, వంటపొగలతో కొండ దాకా పరుచుకుని ఉంది. రత్నానికి ఒళ్ళు గగుర్పొడిచింది. తను ఎన్ని లోకాలు అల్లినా ఒక్కదానిలోనూ గాలి ఇలా వీచలేదు.

“ఏటి కనబడతందే కాంతమ్మీ? డాబా మీంచి ఏటి కనబడతందే?”

ఆ పేరు వినగానే రత్నం ముందుకు వంగింది. కాంతమ్మ ఆమెను కన్నతల్లి. రత్నం ఇంకా పాలు తాగే పిల్లగా ఉన్నప్పుడే జ్వరమొచ్చి పోయింది. ఒక్క ఫొటో లేదు. అప్పటినుంచి పెంచింది అసిరమ్మే.

ఎదుటి వరస మధ్యలో పసుపు మొహం పడుచు ఒకామె తల ఎత్తింది. ఎడమ బుగ్గ మీద సొట్ట. పొద్దున్నే అద్దంలో రత్నం చూసుకునే సొట్ట అదే. ఆమె చూపు రత్నాన్ని దాటి దూరంగా ఎక్కడో నిలిచింది. చెక్కలన్నీ ఒక్కసారి గాల్లోకి లేచాయి. ఆమె పెదాలు విడబోయాయి.

అక్కడే ఆగిపోయింది పాట. గాలి వీస్తూనే ఉంది, పైటకొంగులు రెపరెపలాడుతూనే ఉన్నాయి, చెక్కలు మాత్రం గాల్లోనే నిలబడిపోయాయి. గ్యాపు అయిపోయింది, తరవాతది ఎత్తుకోమని రత్నం అత్త భుజం తట్టింది. ఉలుకూ పలుకూ లేదు. గబగబా హెడ్‌సెట్లు తీసి చూస్తే అసిరమ్మ కుడి చెయ్యి పైకెత్తి, పెదాల మీద నవ్వుతో, కళ్ళు తెరుచుకునే ఉంది. ఆ కళ్ళు ఆ గదిని చూడటం లేదు.

*

డాక్టర్లు చెయ్యగలిగిన పరీక్షలన్నీ చేశారు. నాడి బాగుంది, గుండె బాగుంది, మెదడులో దెబ్బ లేదు. ముద్ద నోట్లో పెడితే మింగుతుంది. చెయ్యి పట్టుకుని నడిపిస్తే నడుస్తుంది. మాట మాత్రం లేదు. కుడి చెయ్యి దించి ఒళ్ళో పెడితే కాసేపటికి మళ్ళీ అదే పైకి లేచి నిలబడుతుంది.

కంచరపాలెంలో కూతురు గౌరి ఇంట్లో ఆమెను ఉంచారు. గౌరి నోరున్న మనిషి.

“నడిచొచ్చిన మనిసిని పట్టుకెల్లి బొమ్మని సేసి పంపేవు కదే! మా అమ్మ నీకేటి తక్కువ సేసిందే?” అని వాకిట్లోనే నిలదీసింది. రత్నానికి తల తీసేసినట్టయింది. అత్త కాళ్ళ దగ్గర కూలబడింది.

దేవదానం కూడా తిండీ నిద్రా మానేశాడు. “పాడేవాళ్ళకే బొమ్మ తిరిగి చూపించానుగా, అక్కడే పొరపాటు జరిగింది. లోపలికి దారేశాను, బయటికి దారి ఆలోచించలేదు. ఆవిడ ఆ డాబా మీదే ఉండిపోయారు,” అన్నాడు. పట్టీ మళ్ళీ పెట్టి చూద్దామన్నాడు. గౌరిని బతిమాలి ఆమెను స్టూడియోకు తీసుకొచ్చారు.

పట్టీ పెట్టగానే అసిరమ్మ మొహం వెలిగింది. లోకం ఆగిన చోటే ఉంది. అదే వెలుగు, అవే చెక్కలు, విడబోయి ఆగిన అవే పెదాలు. దాన్ని రికార్డు చేయబోతే పొగ తప్ప మరేమీ మిగల్లేదు. అసిరమ్మ పట్టీ పెట్టుకుని కూర్చున్నంతసేపే ఆ లోకం ఉంటుంది.

సరిగ్గా ఇక్కడే రత్నం దారి తప్పింది. చికిత్స కోసమని అత్తను రోజూ రప్పించడం మొదలుపెట్టింది. రప్పించి, తను హెడ్‌సెట్ పెట్టుకుని తల్లి ఎదురుగా కూర్చునేది. ఆ కనుబొమల మధ్య చిన్న మచ్చ, మెడలో నల్లపూసలు, సున్నం నీళ్ళకు పగిలిన గోళ్ళు. ఎంత చూసినా తనివి తీరేది కాదు. ఊళ్ళో మాట పాకి, పెద్ద ప్రదర్శనశాల వాళ్ళు వచ్చి చూశారు. వాళ్ళలో ఒకాయన హెడ్‌సెట్ తీసి, మళ్ళీ పెట్టుకుని చూశాడు. “ఇలాంటిది ఇప్పటిదాకా లేదమ్మా. దీనికోసం హాలు కట్టిస్తాం. ఆవిడను రోజూ కాసేపు కూర్చోబెడితే చాలు. ఆవిడకు నొప్పేమీ ఉండదుగా?” అన్నాడు.

ఉండదని రత్నమే చెప్పింది. చెప్పాక తన గొంతు తనకే పరాయిగా వినిపించింది. అయినా మర్నాడు మళ్ళీ అత్తను పిలిపించింది.

ఆ రోజు గౌరి కూడా వెంట వచ్చింది, చేతిలో క్యారేజీతో. “రోజూ ఏటి సూస్తన్నారో నానూ సూస్తాను. తియ్యి ఆ కల్లజోడు,” అంది.

పెట్టుకుంది. కోపమంతా ఎటు పోయిందో, క్యారేజీ పట్టుకునే నిలబడిపోయింది.

“ఒలమ్మా... సిన్నప్పుడు ఈ డాబా మీదికే కదే నాను అన్నం మోసుకొచ్చీదాన్ని. అదిగో మాయత్త కాంతమ్మ...” చుట్టూ చూస్తూ వెనక్కి తిరిగి ఒక్కసారి ఉలిక్కిపడింది. “ఇటేపు ఏటీ లేదేటి? అంతా తెల్లగా ఉంది!”

“అవునొదినా. వెనకవైపు ఎప్పుడూ రాలేదు. ఎందుకో తెలియలేదు,” అంది రత్నం.

“ఎందుకేటి? అమ్మ ఊరేపు తిరిగి కూకుంటాది. సముద్రం దానెనకాల. సూడనిది దాని నెత్తిలో ఎలాగుంటాది?” గౌరి హెడ్‌సెట్ తీసింది. “అందుకే కదే పాటలో అడుగుతాది? తెలిస్తే అడుగుతాదేటి? సముద్రమేపు కూకున్నోలు సూసి సెప్పాల. ఓడొచ్చిందో, వానొస్తందో, ఆ నిమిసాన కంటికి కనబడిందే సెప్పాల. నిన్నటిది సెప్పినా, అబద్దం సెప్పినా అందరూ నవ్వీవోరు, అమ్మ మల్లీ అదే అడిగీది. నిజం సెప్పేదాకా దెబ్బ పడదు.”

రత్నం నుదురు కొట్టుకుంది. బదులు అతికించుకుంటామని చెప్పింది తనే. బదులు దొరక్క ఇన్నాళ్ళుగా చెయ్యెత్తి కూర్చున్నది అత్త.

“అంటే ఆవిడ చిక్కుకుపోలేదు. ఎదురుచూస్తున్నారు,” అన్నాడు దేవదానం మెల్లగా. గబగబా రెండో మైకు తెచ్చి, దాని తీగ అసిరమ్మ చెవులకు కలిపాడు. గౌరి ముందుకొచ్చి, చిన్నప్పుడు విన్నది గుర్తుచేసుకుని పాడింది.

“ఓడొచ్చి నిలిసింది వదినా, తెల్లోడ నిలిసింది వదినా...”

అసిరమ్మ పెదాలు కదిలాయి. అన్ని రోజుల తరవాత మొదటిసారి ఆ గొంతు పలికింది.

“ఏటి కనబడతందే కాంతమ్మీ? డాబా మీంచి ఏటి కనబడతందే?”

గౌరి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని భోరున ఏడ్చేసింది. “ఇంటందే! అమ్మ ఇంటందే!”

దేవదానం మాత్రం రత్నాన్ని పక్కకు పిలిచాడు. “సరైన బదులు పడితే పాట నడుస్తుంది. నడిస్తే పూర్తవుతుంది. డాబా అయిపోయాక ఆ ఆడవాళ్ళెవరూ అక్కడ ఉండరు రత్నం. మీ అమ్మగారు కూడా. ఆ లోకాన్ని నేను దాచి ఉంచలేను. అది ముందే చెప్పాలి కదా అని...”

రత్నం సముద్రం కనిపించే అద్దాల కిటికీ వైపు తిరిగింది. కన్నతల్లి మొహం చూసి ఎన్నాళ్ళో కాలేదు. అది పోతుందని తెలిసి చేతులారా పంపడం ఎలాగో ఆమెకు తెలియలేదు. వెనక గౌరి తల్లి నోటికి గ్లాసు అందిస్తూ, “తాగమ్మా, కూసింత తాగమ్మా” అని బతిమాలుతోంది. నీళ్ళు పెదాల పక్కనుంచి కారిపోతున్నాయి.

“నన్ను అమ్మ చోట్లో కూర్చోబెట్టు,” అంది రత్నం.

*

హెడ్‌సెట్ లోపల చోటు మారింది. ఇప్పుడు రత్నం కాంతమ్మ కూర్చున్న చోట ఉంది, కాంతమ్మ చూసే వైపు చూస్తోంది. కిందికి చూస్తే ఆకుపచ్చ గాజుల చేతులు, పైకెత్తిన చెక్క. తల్లి మొహం ఇక కనిపించదు. ఎదురుగా తెల్లటి శూన్యం. సముద్రం ఉండాల్సిన చోట ఏమీ లేదు.

“ఏటి కనబడతందే కాంతమ్మీ?” ఆ తెలుపులోంచి అత్త గొంతు.

రత్నానికి పాట రాదు. తాళం అంతకన్నా రాదు. అయినా గొంతు కూడదీసుకుంది. “పడవలొస్తన్నాయి వదినా, తెరచాపలెత్తేరు వదినా...”

ఆడవాళ్ళు కిసుక్కున నవ్వారు. అత్త మళ్ళీ అదే అడిగింది.

“ఏటీ కనబడ్డం లేదత్తా,” అంది రత్నం ఏడుపు గొంతుతో. ఈసారి ఎవరూ నవ్వలేదు. అలాగని చెక్కలు దిగనూ లేదు. అడిగే గొంతు మాత్రం కాస్త మెత్తబడింది, చంటిపిల్లను లాలించేటప్పటిలా.

“ఏటి కనబడతందే?”

కంటికి కనబడిందే చెప్పాలని కదా గౌరి అంది! ఈ తెలుపు తన కంటిది కాదు. ఇది అత్తకు తెలియనితనం. అది తోచగానే రత్నం హెడ్‌సెట్ ఊడబీకి పక్కన పడేసి, నీళ్ళు నిండిన సొంత కళ్ళతో ఎదురుగా చూసింది.

“ముసలమ్మ కనబడతంది అత్తా,” అంది. రాగం కుదరలేదు, మాట కుదిరింది. “కొప్పు ఊడిపోయింది అత్తా, సెయ్యెత్తి మరిసిపోయింది అత్తా! దానెనకాల కిటికీ అత్తా, కిటికీ నిండా సముద్రం అత్తా. నీలంగా ఉంది, ఎండలో మెరిసిపోతంది. పక్కనే నీ కూతురు అత్తా, నీల్ల గ్లాసట్టుకుని ఏడుస్తంది అత్తా!”

కుర్చీ చేతి మీద దభీమని దెబ్బ పడింది. అసిరమ్మ చెయ్యి దిగింది.

“రత్నం, పెట్టుకో! తొందరగా పెట్టుకో!” దేవదానం కేక పెట్టాడు.

పెట్టుకునేసరికి ఆ తెలుపు మధ్యలో విచ్చుకుంటోంది. అందులోంచి నీలం వస్తోంది. ముందు ఒక చార, తరవాత ఒక పాయ, ఆ తరవాత ఎటు చూసినా సముద్రమే. ఆకాశం అంచుదాకా, పుట్టి ఇంకా నిమిషం కాని సముద్రం. అలలు దూరంగా లేచి, ఎవరో చెప్పినట్టు ఒకదాని వెంట ఒకటి ఒడ్డుకు బయల్దేరాయి. అంత నీలానికీ ముందు, ఊడిన కొప్పుతో, తెల్లజుట్టుతో అసిరమ్మ చెక్క పట్టుకుని కూర్చుని ఉంది. ఎన్నడూ తనను తాను చూసుకోని ఆ డాబా మీద ఇప్పుడు తను కూడా ఉంది.

“ముసలమ్మ కనబడతంది! సెయ్యెత్తి మరిసిపోయింది!” ఆడవాళ్ళందరూ నవ్వుతూ అందుకున్నారు. దెబ్బ పడింది. మళ్ళీ పడింది. కాళ్ళ కింద డాబా గుండెలా అదిరింది. అసిరమ్మ అడిగింది, రత్నం చూసింది చూసినట్టు చెప్పింది, అందరూ కొట్టారు. ఒక్కో దెబ్బకూ గచ్చు బిగుసుకుని, నున్నబడి, ఆకాశం నీడ పట్టే అద్దంలా తయారైంది. ఇన్నాళ్ళూ పాటల్లోకి జనాన్ని తీసుకెళ్ళిన మనిషికి పాట తనలోకి రావడం అదే మొదలు. ఆగాలని అనిపించలేదు. ఆగదని కూడా తెలుసు.

ఇక మూల ఒక్కటే మిగిలింది. అసిరమ్మ చెక్క ఎత్తి ఊరుకుంది, అడగలేదు. అప్పుడు ఇంకో గొంతు లేచింది. పడుచు గొంతు, కొంచెం బొంగురు. అది ఎదుటి నుంచి రాలేదు. పక్క నుంచీ రాలేదు. రత్నం కూర్చున్న చోటి నుంచే, ఆమె మెడ కింద నుంచే వచ్చింది.

“ఏటి కనబడతందే వదినా? డాబా మీంచి ఏటి కనబడతందే?”

రత్నం తన చేతులు దించేసింది. ఆకుపచ్చ గాజుల చేతులు మాత్రం చెక్కను పైకెత్తే ఉన్నాయి. అవి తన చేతులు కావు.

అసిరమ్మ తిన్నగా ఆమె మొహంలోకి చూసింది. చాలాసేపు చూసింది. చూసి, గొంతు నిండా ఎత్తుకుంది.

“నీ కూతురు కనబడతందే కాంతమ్మీ! నీ సోట్లో కూకున్నాదే కాంతమ్మీ! నీ సొట్టే దాని బుగ్గనుందే!”

“నీ కూతురే! నీ కూతురే!” ఆడవాళ్ళ గొంతులన్నీ ఒక్కటై లేచాయి. ఆఖరి దెబ్బ పడింది.

తరవాత ఎవరూ తొందరపడలేదు. ఒక్కొక్కరే లేచి, నడుములు సవరించుకుని, బిందెలో చేతులు ముంచి కడుక్కుని మెట్లు దిగి వెళ్ళారు. ఆకుపచ్చ గాజుల చేతులు చెక్కను నేల మీద నెమ్మదిగా పెట్టాయి. పైటచెంగుకు తుడుచుకున్నాయి. ఒక్కసారి, ఉండాల్సిన దానికన్నా కాస్త ఎక్కువసేపు, రత్నం కళ్ళ ముందు అరచేతులు తెరుచుకుని ఆగాయి. ఆ తరవాత డాబా లేదు, సముద్రం లేదు. హెడ్‌సెట్ లోపల మామూలు చీకటి.

“నీల్లిస్తారా, ఇలాగే సూస్తా ఉంటారా? నోరెండిపోయింది,” అంది అసిరమ్మ.

గౌరి తల్లిని వాటేసుకుంది. దేవదానం తెర వైపు చూసి, మళ్ళీ మళ్ళీ మీటలు నొక్కి, చివరికి చేతులు జారవిడిచాడు. అక్కడ ఏమీ మిగల్లేదు. అతని మొహంలో మాత్రం విచారం లేదు. గుడిలోంచి వచ్చినవాడిలా ఊరికే నిలబడ్డాడు.

రత్నం అత్త ఒళ్ళో తల పెట్టుకుంది. “చివర్లో అమ్మ అడిగిందత్తా. నిన్ను అడిగింది.”

“మరడగదేటి? ఆకరి మూలకి అడిగీ వంతు ఎదుటోల్లది,” అసిరమ్మ ఆమె జుట్టు నిమిరింది. “మేం కలిసి కొట్టిన ఆకరి డాబా మీద నిజంగానే అడిగిందే మీ అమ్మ. పొద్దుపోతంది, ఇంటికెల్లిపోవాలని తొందర. తలైనా ఎత్తి సూడకుండా ఏదో నోటికొచ్చింది అనీసేను. అందరూ నవ్వీసేరు. మల్లీ అడిగీలోగా మేస్త్రీ పనైపోయిందనీసేడు.” ఆమె ఊడిన కొప్పు ముడేసుకుంది. “ఆ ఎనకే జొరమొచ్చి పోయింది, మరి దానికి నా సేత బదులు దక్కదనుకున్నాను. ఇయ్యాల సూసిందే సెప్పేను.”